నరాల్ల బొక్కలు మొలిచినయా సార్?

మా నల్గొండ వైపు బొక్క అంటే ఎముక. నరం అంటే ఒక్క నాడీ తంత్రి కాదు, రక్తనాళాన్ని కూడా నరమనే అంటారు. ఈ రెండు మాటలు తెలిస్తే పై ప్రశ్న అర్థమవుతుంది. ఆ ప్రశ్న నన్ను అడిగింది 61 ఏళ్ల రైతు, డయాలిసిస్ మంచం మీద పడుకుని. తన జబ్బు ఏమిటో ఒక పేషెంట్ ఇంత సరిగ్గా పట్టుకోవడం నేను ఎప్పుడూ వినలేదు. అందుకే ఈ కేసు పూర్తిగా రాయాలనిపించింది. దీనిలో నా తప్పు కూడా ఉంది. అది కూడా రాస్తాను.

ఆయనది మర్రిగూడ వైపు పల్లె. ఆయనా, ఆయన కోడలూ సరేనన్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. షుగర్ వచ్చి 18 ఏళ్లు. కిడ్నీలు పూర్తిగా పోయి డయాలిసిస్ పడి నాలుగేళ్లు. ఆరోగ్యశ్రీ కింద వారానికి రెండుసార్లు, సారికి మూడున్నర గంటలు. ఎడమ చేతికి ఫిస్టులా, అంటే డయాలిసిస్ సూదులు గుచ్చడానికి ధమనినీ సిరనూ కలిపి చేసిన దారి. మొదట్లో వేరే చోట చేయించుకునేవారు, 14 నెలల కిందట మా యూనిట్‌కి మారారు. ఇన్ని నెలల్లో నేను ఆయన్ను నెలకోసారైనా చూశాను.

ఆ రోజు వచ్చింది కాలి పుండుతో. కుడికాలి చిటికెన వేలి పక్కన, రూపాయి బిళ్ల కంటే చిన్నది, అంచు నల్లబడింది. "చెప్పు కరిసింది అనుకున్న సార్, మూడు వారాలాయె, మానుతలేదు" అన్నారు. కాలు మరీ చల్లగా ఏం లేదు. మా జూనియర్ డాక్టర్ అప్పటికే చీలమండ దగ్గర బీపీ చూసి, చేతి బీపీతో పోల్చి, నిష్పత్తి 1.5 అని రాసి, పక్కన "రక్త ప్రసరణ బాగుంది" అని కూడా రాశారు. 0.9 కంటే తక్కువైతే కాలికి రక్తం సరిగా అందడం లేదని మనందరం చదువుకున్నాం. 1.5 అంటే ఎక్కువే కదా, మంచిదే కదా అనిపిస్తుంది.

మంచిది కాదు. 1.4 దాటితే ఆ లెక్కకు అర్థం లేదు. బీపీ పట్టీ (కఫ్) బిగించినా నాళం నొక్కుకుపోవడం లేదని మాత్రమే అది చెబుతుంది. ఇనుప గొట్టాన్ని గుడ్డతో పిండితే లోపలి నీళ్లు ఆగుతాయా? షుగర్ ఉండి, డయాలిసిస్‌లో ఉన్న మనిషి కాలికి ఈ లెక్క "బాగా" వస్తే సంతోషించకూడదని ఇప్పుడు మా వార్డులో అందరికీ పదేపదే చెబుతున్నాను. కాలి బొటనవేలికి చిన్న కఫ్ వేసి చూస్తే అక్కడ ప్రెషర్ 34 ఉంది. 30 కిందికి పోతే కాలు దక్కడం కష్టమనే చోటికి ఒక మెట్టు పైన ఉన్నారు ఆయన.

అప్పుడు కుడి మణికట్టు పట్టుకున్నాను. నాడి కొట్టుకుంటోంది గానీ, వేళ్ల కింద నాళం గోడ విడిగా తెలుస్తోంది, సైకిల్ బ్రేకు తీగలా. వేలితో పక్కకు నెడితే అటూ ఇటూ దొర్లుతోంది. మోచేతి పైన దండకు కఫ్ కట్టి నాడి పూర్తిగా ఆగేదాకా గాలి కొట్టాను. మామూలు మనిషికి నాడి ఆగితే వేళ్ల కింద ఇంకేమీ తగలదు, మెత్తని గొట్టం చదునైపోతుంది. ఈయనకు కొట్టుకోవడం ఆగింది, తీగ మాత్రం అలాగే ఉంది. నూరేళ్లకు పైగా వైద్యులు వాడుతున్న పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు. 14 నెలల్లో నేను ఒక్కసారి కూడా చేయలేదు.

ఇంకో సంగతి అప్పుడు తట్టింది. ఆయన బీపీ ఎప్పుడు చూసినా 190, 200. మూడు రకాల బీపీ మందులు వేస్తున్నాం. అయినా డయాలిసిస్ మధ్యలో కళ్లు తిరిగి చెమటలు పట్టేవి, ఇంటికెళ్లాక కూర్చున్న చోటే తూలిపోయేవారు. "మామ గోలీలు సరిగ్గ ఏస్కుంటలేడు" అని కోడలు, "నేను ఏస్కుంటున్న" అని ఆయన, ప్రతిసారీ ఇదే పంచాయితీ. గోడ గట్టిపడ్డ నాళాన్ని నొక్కడానికే కఫ్‌కి ఎక్కువ బలం కావాలి. ఆ బలమంతా బీపీ లెక్కలో కలిసి కనిపిస్తుంది. పెద్దాయన మాట నిజమే.

ఫిల్ములో కనిపించింది

పుండు కింద ఎముకకు చీము పట్టిందేమో చూడాలని పాదం ఎక్స్‌రే తీయించాను. మణికట్టు నొప్పి అని కూడా అన్నారు కాబట్టి ముంజేయి కూడా.

పాదం ఫిల్మ్ లైటు పెట్టె మీద పెట్టాను. చిటికెన వేలి ఎముక కొస కొంచెం కొరుక్కుపోయి ఉంది, నేను వెతికింది అదే. కానీ కన్ను అక్కడ నిలవలేదు. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య, మాంసం మాత్రమే ఉండాల్సిన చోట, రెండు సన్నటి తెల్లగీతలు జంటగా వంపు తిరుగుతూ పోతున్నాయి. పదునైన పెన్సిలుతో గీసినట్టు ఉన్నాయి. వాటి నుంచి వేళ్లలోకి చిన్న చిన్న కొమ్మలు. ఎక్స్‌రేలో రక్తనాళం కనబడకూడదు, మందు ఎక్కిస్తే తప్ప. ఇక్కడ ఏ మందూ ఎక్కించలేదు. ఆయన నాళాలు తమ బొమ్మను తామే గీసుకున్నాయి.

ముంజేయి ఫిల్మ్ ఇంకా వింతగా ఉంది. రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి, రంపపు పళ్లలా పొడుచుకొచ్చింది. నల్గొండలో పనిచేసే ఏ డాక్టరైనా దాన్ని చూడగానే ఫ్లోరోసిస్ అంటారు, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బు. ఆ రంపపు పళ్లకు బెత్తెడు పక్కనే మణికట్టు దాకా మళ్లీ అవే జంటగీతలు. ఒకే ఫిల్ములో, ఎముక ఉండకూడని రెండు చోట్ల ఎముక.

కోడలు నా పక్కనే నిలబడి చూస్తోంది. "ఈ గీతలేంది సార్?" అంది. నరాల గోడలు గట్టిపడి ఇలా కనిపిస్తున్నాయని చెప్పాను. పెద్దాయన మంచం మీద నుంచి తల తిప్పి అడిగారు: "అంటే నరాల్ల బొక్కలు మొలిచినయా సార్?"

అవునన్నాను. ఆ ప్రశ్నకు అంతకంటే సరైన జవాబు లేదు.

ఇది సున్నం పేరుకోవడం కాదు

మా జిల్లాలో బోరు నీళ్లు కాచే గిన్నె లోపల తెల్లటి పెచ్చు కట్టడం అందరికీ తెలుసు. నాళాలు గట్టిపడటం కూడా అలాంటిదే అనుకుంటాం. రక్తంలో కాల్షియం ఎక్కువైంది, గోడకు అతుక్కుంది, అంతే అని. డాక్టర్లం కూడా చాలాకాలం అలాగే అనుకున్నాం. వయసుతో వచ్చే అరుగుదల, చేసేదేం లేదు అని.

నిజానికి ఇది పేరుకోవడం కాదు, కట్టడం. ధమని గోడ మధ్య పొరలో నునుపు కండర కణాలు ఉంటాయి. గుండె కొట్టినప్పుడల్లా సాగి, మళ్లీ ముడుచుకోవడం వాటి పని. ఆ కణాలు కొన్ని పరిస్థితుల్లో తమ పని వదిలేసి, ఎముక కట్టే కణాల్లా మారిపోతాయి. మన వైపు మగ్గం ఆగిపోయిన నేతగాడు తాపీ పట్టుకుని కట్టడం పనికి పోయినట్టు. మనిషి అదే మనిషి, చేతిలో పనిముట్టు మారింది. ఎముక కట్టే కణాలను నడిపే రన్‌ఎక్స్2 అనే జన్యు స్విచ్ ఈ కండర కణాల్లో వెలుగుతుంది. ఆస్టియోకాల్సిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ లాంటి ఎముక సామగ్రి తయారవుతుంది. ముందు కొల్లాజెన్‌తో చట్రం కడతాయి, తర్వాత చిన్న చిన్న తిత్తుల్లో కాల్షియం, ఫాస్ఫేటు నింపి ఆ చట్రం మీద వదులుతాయి. పసిపిల్లల ఎముక ఎదిగేది కూడా ఇలాగే.

జర్మన్ శాస్త్రవేత్త విర్చో 19వ శతాబ్దంలోనే ధమనుల్లో కొన్నిచోట్ల కనిపించేది ఉత్త సున్నం కాదు, నిజంగా ఎముకే అన్నాడు. మధ్య పొర గట్టిపడటాన్ని 1903లో మోంకెబెర్గ్ వివరంగా రాశాడు, దానికి ఇప్పటికీ ఆయన పేరే. తర్వాత చాలాకాలం ఆ మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1993లో అమెరికాలో లిండా డెమర్ బృందం మనుషుల ధమనుల పూడికలో ఎముకను మొలిపించే ప్రొటీన్, బీఎంపీ-2, ఉందని చూపించింది. అక్కడి నుంచి కథ మారింది. శస్త్రచికిత్సలో తీసేసిన 347 గుండె కవాటాలను పరిశీలించి 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, 36 కవాటాల్లో పొరలు పొరలుగా పండిన అసలు ఎముక కనిపించింది.

డయాలిసిస్ చేసే మాకు అన్నిటికంటే ముఖ్యమైనది 2000లో వచ్చిన ప్రయోగం. మనిషి ధమని నుంచి తీసిన కండర కణాలను గాజు పాత్రలో పెంచారు. ఫాస్ఫేటు మామూలుగా ఉన్న పాత్రలో కణాలు కండరంగానే ఉన్నాయి. ఫాస్ఫేటును 2 మిల్లీమోల్స్‌కి పెంచిన పాత్రలో అవే కణాలు ఎముక కణాల గుణాలు తెచ్చుకుని చుట్టూ ఖనిజం పోశాయి. మన లాబ్ రిపోర్టు భాషలో 2 మిల్లీమోల్స్ అంటే ఫాస్ఫరస్ సుమారు 6.2. ఫాస్ఫరస్‌ను బయటికి పంపే కిడ్నీలు లేని డయాలిసిస్ పేషెంట్లలో ఈ అంకె చాలా మామూలు. కణం పై పొరలో పిట్-1 అనే ద్వారం గుండా ఫాస్ఫేటు లోపలికి పోతుంది, పోయి పని మార్చుకోమని చెబుతుంది. అంటే ఫాస్ఫరస్ ఇక్కడ ఇటుక మాత్రమే కాదు, మేస్త్రీకి అందిన కబురు కూడా.

ఇంత ఫాస్ఫరస్ ఉన్నా అందరి నాళాలూ బొక్కలైపోవు, ఎందుకంటే ఆపే వ్యవస్థ కూడా ఒంట్లోనే ఉంది. మ్యాట్రిక్స్ గ్లా ప్రొటీన్ అని ఒకటి, ధమని గోడ కణాలే తయారు చేసుకుంటాయి. ఆ జన్యువు తీసేసిన ఎలుకలు బాగానే పుడతాయి, కానీ రెండు నెలల్లోపే చచ్చిపోతాయి, ధమనులు గట్టి గొట్టాలై పగిలిపోయి. 1997లో ఈ సంగతి తెలిసింది. ఈ ప్రొటీన్ పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. అందుకే రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడే డయాలిసిస్ పేషెంట్ల విషయంలో భయం ఎక్కువ, ఆ మందు విటమిన్ కె పనినే ఆపుతుంది. మా పెద్దాయన వార్ఫరిన్ మీద లేరు, ముందు చూసుకున్నది అదే. లివర్ నుంచి వచ్చే ఫెట్యూయిన్-ఎ, కణాలు వదిలే పైరోఫాస్ఫేట్ కూడా కాపలా కాస్తాయి. ఎముక సామగ్రిలో భాగంగా తయారైన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చేసే మొదటి పని ఆ పైరోఫాస్ఫేట్‌ను విరగ్గొట్టడం.

గోలీల కవరు

కోడలిని ఇంట్లో ఉన్న గోలీలన్నీ తెమ్మన్నాను. మరుసటి డయాలిసిస్‌కి పాలిథిన్ కవరు నిండా తెచ్చింది. మంచం పక్కన స్టీలు ట్రేలో పోసి, ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాం.

ఫాస్ఫరస్ తగ్గాలని కాల్షియం కార్బొనేట్, రోజుకు మూడు. ఒక్కో దానిలో 500 మిల్లీగ్రాముల కాల్షియం. ఇది మేం రాసిందే. అది అన్నంతో పాటు వేసుకుంటేనే అన్నంలోని ఫాస్ఫరస్‌ను కడుపులో పట్టుకుని బయటికి పంపుతుంది. "ఎప్పుడు వేసుకుంటున్నారు?" అని అడిగాను. "పొద్దుగాల లేవంగనే సార్, అన్నీ ఒక్కసారే, మర్శిపోకుండ." పరగడుపున వేసుకుంటే పట్టుకోవడానికి ఫాస్ఫరస్ ఉండదు, కాల్షియం మాత్రం రక్తంలోకి పోతుంది. గోలీ ఎప్పుడు వేసుకోవాలో మేం చీటీ మీద రాశాం. చదవలేని మనిషికి చీటీ మీద రాశాం.

రెండోది ఇంకో కాల్షియం, విటమిన్ డి కలిపింది, అదీ 500దే, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మా దగ్గరికి రాకముందు ఎక్కడో రాశారు, అప్పటి నుంచి మెడికల్ షాపులో పాత చీటీ చూపించి తెచ్చుకుంటున్నారు. దాని పేరే "బొక్కల బలం గోలీ". నడుము పట్టేసి, మెడ తిరగక, కింద కూర్చుని లేవలేక ఆయన పడే బాధకు మంచి కోరే ఎవరో రాశారు. చీటీ నా చేతికి వచ్చినప్పుడు నేను ఆపలేదు. ఎముకలు నొస్తున్నాయి, కాల్షియం వేసుకుంటున్నారు, మంచిదే అనుకున్నాను.

మూడోది కాల్సిట్రయోల్, చిన్న గుండు, రోజూ ఒకటి. పేగు నుంచి కాల్షియాన్నీ ఫాస్ఫరస్‌నూ రెండిటినీ ఎక్కువ పీల్చుకునేట్టు చేసే మందు.

కలిపి లెక్క వేస్తే గోలీల నుంచే రోజుకు 2,500 మిల్లీగ్రాముల కాల్షియం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషికి తిండితో కలిపి మొత్తం కావాల్సింది 1,000. దీనికి తోడు డయాలిసిస్ ద్రావణంలో కాల్షియం 3.5 మిల్లీ ఈక్వివలెంట్లు పెట్టి ఉంది, వారానికి రెండుసార్లు దాని నుంచి కూడా కొంత ఒంట్లోకి పోతోంది.

రక్త పరీక్షలు వచ్చాయి. కాల్షియం 10.7, ఫాస్ఫరస్ 7.6, ఎముక పనిని నడిపే పారాథైరాయిడ్ హార్మోన్ 58. కొత్తవాళ్లు ఈ మూడోది చూసి నార్మల్ అంటారు. కిడ్నీలు లేని మనిషికి అది నార్మల్ కాదు, బాగా తక్కువ. డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకు అది మామూలు మనిషి పై హద్దుకు కనీసం రెండు రెట్లు ఉండాలి, ఎముక అరిగి మళ్లీ కట్టుకునే పని నడవాలంటే. ఈయన ఎముక నిద్రపోతోంది. షుగర్ కొంత, మేం పోసిన కాల్షియం కొంత దాన్ని నిద్రపుచ్చాయి. నిద్రపోతున్న ఎముక కాల్షియం తీసుకోదు. తీసుకునే చోటు లేక, ఎముకలా మారిన నాళం కణాలకు అది ముడి సరుకైంది.

ఆ అంకెలు చూసి నేను ట్రే ముందు కాసేపు అలాగే కూర్చున్నాను. బొక్కల బలానికని వేసుకున్న గోలీ బొక్కకు పోలేదు, నరానికి పోయింది. అమెరికాలో చిన్న వయసు డయాలిసిస్ పేషెంట్ల మీద 2000లో వచ్చిన అధ్యయనంలో 20 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్న 16 మందిలో 14 మందికి గుండె ధమనుల్లో కాల్షియం కనిపించింది. గట్టిపడ్డవాళ్లు వేసుకున్న కాల్షియం గోలీల మోతాదు, గట్టిపడని వాళ్ల కంటే దాదాపు రెండింతలు. ఈ అధ్యయనం నేను పీజీలో చదివాను. పరీక్షలో రాశాను కూడా.

ఫ్లోరైడ్ సంగతి

ఈ కేసు వార్డులో చెప్పినప్పుడు సగం మంది ఒకే మాట అన్నారు: "ఫ్లోరైడ్ వల్ల కదా సార్." నల్గొండలో అలా అనిపించడం సహజం. 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద వ్యాసం వచ్చింది. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే అంటుంది. ఒక ఊరి పేరు ఒక జబ్బు మందుతో ముడిపడటం ఎంత బాధ అనుభవిస్తే జరుగుతుంది! మర్రిగూడ, మునుగోడు వైపు ఆయన తరం వాళ్లు చిన్నప్పటి నుంచి తాగింది ఆ బావి నీళ్లే. భగీరథ నీళ్లు వచ్చేసరికి ఆయన ఎముకల్లో చేరాల్సింది చేరిపోయింది. పైగా ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీలే.

ముంజేయిలో రంపపు పళ్లు, పట్టేసిన నడుము ఫ్లోరైడ్ పనే. దానిలో అనుమానం లేదు. కానీ నాళాల గీతలకు షుగర్, ఫాస్ఫరస్, కాల్షియం, ఈ మూడు చాలు. ఫ్లోరైడ్ మీద నెట్టేస్తే గోలీల కవరు ఎవరూ అడగరు. అన్నీ ఆ నీళ్ల ఖాతాలో రాసి ఫైలు మూసేయడం మా జిల్లా డాక్టర్లకు అలవాటైన దారి. ఆ దారినే నేనూ 14 నెలలు నడిచాను.

ఫ్లోరోసిస్ మాకు ఇంకో చిక్కు కూడా తెస్తుంది. ఎముక ఎంత చురుగ్గా ఉందో చూడటానికి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అడుగుతాం. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లలో అది విడిగా పెరిగి ఉండొచ్చు. ఈయనకు 148, కొంచెం ఎక్కువ. అదొక్కటే చూస్తే ఎముక బాగా పనిచేస్తోందని పొరపాటు పడతాం. పారాథైరాయిడ్ హార్మోన్ పక్కన పెట్టుకుని చదవాలి.

నాకు బాగా ఆలోచన కలిగించిన విషయం ఒకటి చెప్పి ముందుకు పోతాను. పెద్ద కేంద్రాల్లో ధమనుల్లో ఖనిజం ఎక్కడ కొత్తగా కడుతోందో చూడటానికి పెట్ స్కాన్‌లో వాడేది ఫ్లోరైడే, రేడియోధార్మికమైనది, లేశమాత్రం. కొత్తగా ఏర్పడే ఎముక స్ఫటికం ఎక్కడుంటే అక్కడికి ఫ్లోరైడ్ పరుగెత్తి అతుక్కుంటుంది. ఎముకా, గట్టిపడే నాళమా అనే తేడా దానికి లేదు. మా ఊళ్లను ఇన్ని దశాబ్దాలు వంగదీసిన గుణమే అక్కడ దీపంలా పనికొస్తోంది.

ఏం చేశాం

కాల్షియం గోలీలు రెండు రకాలూ అదే రోజు ఆపేశాం. కాల్సిట్రయోల్ ఆపాం. ఫాస్ఫరస్ కోసం కాల్షియం లేని సెవలమర్ మొదలుపెట్టాం. ఈసారి చీటీ రాయలేదు. కోడలి చేత డబ్బా మూత మీద అన్నం గిన్నె బొమ్మ గీయించాం, మొదటి ముద్దతో వేసుకోవాలని. ద్రావణంలో కాల్షియం 2.5కి తగ్గించాం. డయాలిసిస్ వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలకు మార్చాం. దీనికి ఆయన్ను ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. మర్రిగూడ నుంచి నల్గొండకు ఇంకోరోజు రావడం అంటే ఇంకోరోజు బస్సు, ఇంకోరోజు కొడుకు కూలి పోవడం. ఒక విడత డయాలిసిస్‌లో పోయే ఫాస్ఫరస్ సుమారు 800 మిల్లీగ్రాములు, తిండిలో రోజూ వచ్చేది దాదాపు 1,000. రెండు విడతలతో ఏ లెక్కా కుదరదని ఆయనకు వేళ్ల మీద లెక్కబెట్టి చూపించాను.

తిండి దగ్గర నేను ఎక్కువ సమయం పెట్టాను. ఎవరో ఆయనకు పప్పు, జొన్నరొట్టె మానేయమన్నారు. జొన్నల్లో, పప్పుల్లో ఉండే ఫాస్ఫరస్ ఫైటేట్ రూపంలో ఉంటుంది, దానిలో సగం కూడా ఒంటికి పట్టదు. రొట్టె తినమన్నాను, పప్పు కొలతలో. ఆయన రోజూ సాయంత్రం తాగే నల్ల కూల్‌డ్రింక్‌లో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది, అలా కలిపింది దాదాపు అంతా రక్తంలోకి పోతుంది. "నీళ్లు తక్కువ తాగమంటిరి గద సార్, గొంతు ఎండుతది, అందుకే గది కొంచెం" అన్నారు. అది మాన్పించాం. ఆదివారం బోటి, కార్జం నెలకు ఒకసారికి తగ్గించాం. బత్తాయి తోట వాళ్లది, పొటాషియం భయంతో దానికి ముందు నుంచే దూరంగా ఉన్నారు. పాపం, తోట నిండా కాయలు.

కాలికి హైదరాబాద్ పంపాం. మోకాలి కింద మూడు ధమనుల్లో రెండు మూసుకుపోయాయి. బెలూన్‌తో ఒకటి తెరిచారు. గోడ రాయిలా ఉండి తీగ దూర్చడానికే చాలా సేపు పట్టిందని చేసిన డాక్టర్ ఫోన్లో చెప్పారు. లోపల సూది పెట్టినప్పుడు నేరుగా చూసిన బీపీ 152, అదే సమయంలో చేతి కఫ్‌లో 194. ఆ రెండు అంకెలు చూశాక మూడు బీపీ మందుల్లో ఒకటి తీసేశాను, ఒకదాన్ని సగం చేశాను. చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది. పాదం నిలబడింది. పుండు పూర్తిగా మానడానికి నాలుగున్నర నెలలు పట్టింది.

డయాలిసిస్ మధ్యలో కళ్లు తిరగడం ఆగింది. మామా కోడళ్ల పంచాయితీ కూడా.

ఏడాది తర్వాత

ఫాస్ఫరస్ 5.1. కాల్షియం 9.1. పారాథైరాయిడ్ హార్మోన్ నెమ్మదిగా 166కి వచ్చింది, ఎముక కదులుతోందని నా నమ్మకం. నమ్మకం అనే అంటున్నాను, ఎముక ముక్క తీసి పరీక్ష చేస్తే తప్ప గట్టిగా చెప్పలేం. దానికి ఆయన్ను నేను అడగలేదు.

పాదం ఎక్స్‌రే మళ్లీ తీయించి, పాత ఫిల్మ్ పక్కన పెట్టి చూశాను. గీతలు అలాగే ఉన్నాయి. కొత్త కొమ్మలు నా కంటికి కనబడలేదు, పాతవి చెరగనూ లేదు. నేత వదిలి తాపీ పట్టిన కణాలను మళ్లీ మగ్గం మీదికి తెచ్చే మందు మా చేతిలో ఇప్పటికి లేదు. కట్టింది కట్టినట్టే ఉంటుంది. కొత్త కబురు అందకుండా చూడటమే మేం చేస్తున్నది. ఆ మాట ఆయనకూ అలాగే చెప్పాను. "ఉన్న బొక్కలు ఉండని సార్, కొత్తయి రానియ్యకుర్రి" అన్నారు.

ఈ కేసు తర్వాత మా యూనిట్‌లో డయాలిసిస్‌కి వచ్చే ప్రతి ఒక్కరి గోలీల కవరూ మూడు నెలలకోసారి ట్రేలో పోసి చూస్తున్నాం. మొదటి విడతలోనే ఇంకా అయిదుగురి దగ్గర "బొక్కల బలం" గోలీలు దొరికాయి, ఇద్దరివి నేను సంతకం పెట్టిన చీటీలతోనే. ఫిస్టులా లేని చేతి మణికట్టు పట్టుకుని, కఫ్ బిగించి, నాడి ఆగాక తీగ తగులుతోందా అని ఇప్పుడు జూనియర్లు చూస్తున్నారు. రెండు నిమిషాల పని.

పోయిన నెల పెద్దాయనకు ఎకో చేయించాం. గుండె నుంచి పెద్ద ధమనిలోకి రక్తం వదిలే తలుపు, అయోర్టిక్ కవాటం, అంచున తెల్లటి చుక్కలు ఉన్నాయి. తలుపు ఇంకా బాగానే తెరుచుకుంటోంది. ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తాం.